రైలుమార్గముల వ్యయభారము

కోటిపల్లి రేవున నిలిచి నదివంక చూచువారికి గౌతమీప్రవాహమున వరుసదీరిన కాంక్రీటు స్తంభములు కనుపట్టును. అవి రైలువంతెనకై లేపిన స్తంభములు. కోటిపల్లినుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు 57 కిలోమీటర్ల రైలుమార్గము 2000-01 సంవత్సరపు రైల్వేబడ్జెటులో మంజూరయ్యెను. దానికై పాటుపడిన లోకసభాధ్యక్షులు జి. ఎం. సి. బాలయోగిగారు 2002 మార్చిలో హెలికాప్టరు దుర్ఘటనలో స్వర్గస్థులైరి. మార్గము మంజూరైననాడు పుట్టిన బిడ్డలకు పెండ్లియీడు వచ్చినది. అమలాపురమునకు రైలు రాలేదు. ఇది కేవలము కోనసీమకు గలిగిన కష్టమేయైనచో, స్థానికవార్తలలో ప్రకటించి యూరకుందుము. కాని యీ జాప్యమునకు మూలము గోదావరిలో లేదు. దేశమున కొత్త రైలుమార్గములకు ధనము సమకూర్చు పద్ధతిలో నున్నది. అందుచేత దీనిని మన పాఠకులందరు విచారింపదగును.

ఈ మార్గమునకు గౌతమి, వైనతేయ, వసిష్ఠలనెడి మూడు పాయలపై వంతెనలు కావలెను. వ్యయము హెచ్చుటకు ముఖ్యకారణమిదియే. దీని పూర్వచరిత్ర మరింత విచిత్రమైనది. కాకినాడనుండి కోటిపల్లివరకు 1928లోనే రైలు నడచెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినంతనే, 1940లో, నష్టము వచ్చుచున్నదను నెపముతో ఆ పట్టాలను పెరికి యుద్ధావసరములకు దరలించిరి. యుద్ధము ముగిసెను, స్వరాజ్యము వచ్చెను, మరల పట్టాలు మాత్రము 2004వరకు పడలేదు. ఆ పట్టాలైనను నదియొడ్డున నాగిపోయినవి. చాలకాలము వానిపై ఒంటి రైలుబస్సు మాత్రమే నడచెను. ఏటిగట్టుకడ నాగిపోవు రైలునకు రాబడి యెట్లు వచ్చును? రాబడి లేదుగనుక ఏరు దాటింపబోమనుట యెట్టి న్యాయము? అటు నరసాపురమునుండి భీమవరమునకు మార్గ మున్నది; ఇటు కాకినాడనుండి కోటిపల్లికి మార్గ మున్నది. నడుమ నున్న కొబ్బరితోటలును, వరిచేలును, అంబాజీపేట కొబ్బరిసంతయు లారీలనే నమ్ముకొని యున్నవి.

జాప్యమునకు గారణ మడుగగా ఢిల్లీవారొకటి చెప్పుదురు, అమరావతివారొకటి చెప్పుదురు. ఈ మార్గవ్యయమున నాల్గవవంతు రాష్ట్రము భరింపవలెనని యొడంబడిక. రాష్ట్రము తన వాటా జమకట్టలేదని రైల్వేమంత్రులు పార్లమెంటులో పలుమారులు సెలవిచ్చిరి. 2014లో విభజనచే రాజధానిని, ఆదాయమును గోల్పోయిన రాష్ట్రమునకు ఈ భారము తగదని రాష్ట్రప్రభుత్వములు మొరపెట్టుకొనినవి. ఒక పార్టీ పోయి మరియొక పార్టీ వచ్చెను. ఉత్తరములు మాత్రము అవే. ఇరువురిలో నెవరిది తప్పని తీర్పు చెప్పుట సులభము. చెప్పవలసిన చోట మేమును జెప్పెదము. కాని యంతకుముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి గలదు. రాష్ట్రమీ వాటా నేల యీయవలెను?

మన రాజ్యాంగమున ఏడవ షెడ్యూలులోని కేంద్రజాబితాయందు 22వ పద్దు రైల్వేలు. రాష్ట్రమునకు రైలు నడుపు నధికారము లేదు. చార్జీలు నిర్ణయించు నధికారము లేదు. ఏ స్టేషనున నేబండి నిలువవలెనో చెప్పు నధికారమును లేదు. అధికారము లేనిచోట వ్యయమునకు బాధ్యత మాత్రమెట్లు వచ్చినదో తెలిసికొనవలెనన్న, మన దేశమున రైలుబండి పుట్టిననాటి సంగతి కొంత జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

1849 ఆగస్టులో ఈస్టిండియా రైల్వే కంపెనీకిని, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీకిని ఈస్టిండియా కంపెనీవారు పత్రములు వ్రాసియిచ్చిరి. భూమి యుచితము. లండనులో వాటాదారులు పెట్టిన మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి హామీ. రైలు ఆ మేరకు సంపాదింపనిచో తక్కువపడినది హిందూదేశపు ఖజానానుండి చెల్లింపవలెను. లాభమువచ్చిన వారిది, నష్టమువచ్చిన రైతుది. ఇట్టి పద్ధతిలో పొదుపునకు తావెక్కడిది? మైలుకెంత వ్యయమైనను వడ్డీ వచ్చుటలో సందేహములేనపుడు మైలునకగు వ్యయమును తగ్గించువా డెవడు? కలకత్తాలో ఆర్థికసచివుడుగా పనిచేసిన మాసీదొరయే 1872లో పార్లమెంటు కమిటీయెదుట సాక్ష్యమిచ్చుచు, వడ్డీ భద్రముగ నున్నంతకాలము తన సొమ్ము హుగ్లీనదిలో పోసినను ఇటుకసున్నములుగా మారినను ఆంగ్లధనికునకు పట్టదని యొప్పుకొనెను. దాదాభాయి నౌరోజీగారును, రమేశచంద్ర దత్తుగారును ఈ పద్ధతిని ఖండించిరి. మనకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టియిచ్చిన కాటన్‌దొర సయితము, ఈ ధనమును పడవలు నడచు కాలువలపై వెచ్చించిన దేశమున కెక్కువ మేలని తుదివరకు వాదించెను. గోదావరి కాలువలపై ధాన్యపుపడవలను జూచిన పెద్దల నోట విన్నవారికి ఆ వాదములోని సత్యము తెలియును. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివరకుగల కాలువలను, గోదావరీ కృష్ణానదుల కొన్ని భాగములను జేర్చి నాల్గవ జాతీయ జలమార్గమని ప్రకటించిరి. ప్రకటన జరిగినది, అది వేరుకథ.

హైదరాబాదు రాజ్యమునందును ఇదేవరుస. వాడినుండి సికిందరాబాదునకు 1874లో వేసిన మార్గమును బెజవాడవైపునకును, చాందావైపునకును పొడిగించుటకు 1883లో ఆంగ్లకంపెనీతో నొడంబడికకు సిద్ధపడగా, షరతులు ప్రజలకు దెలుపవలెనని కొందరు పెద్దలు పట్టుపట్టిరి. వారిలో ముఖ్యుడు సరోజినీదేవి తండ్రియగు అఘోరనాథ చట్టోపాధ్యాయులు. ఆయనను ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టిరి. రైలుకంపెనీకి ఖజానానుండి ఎంత పోవుచున్నదని యడుగుటయే యాయన నేరము. ఆ కంపెనీపేరులోనే హామీ యున్నది: నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే. 1930లో నిజాముప్రభుత్వము దానిని కొనువరకు ఆ పేరు మాసిపోలేదు.

ఈ పాతకథ యిప్పుడేల యందురేమో. తెలంగాణమున మనోహరాబాదునుండి సిద్దిపేట, సిరిసిల్లల మీదుగా కొత్తపల్లికి 151 కిలోమీటర్ల మార్గము 2006-07లో మంజూరయ్యెను. దాని షరతులు చూడుడు. వ్యయమున మూడవవంతు రాష్ట్రము భరింపవలెను. భూమి యుచితముగా నీయవలెను. బండ్లు నడచిన పిదప అయిదేండ్లవరకు నష్టము వచ్చినచో ఆ నష్టమును రాష్ట్రమే పూరింపవలెను. ఉచితభూమియు, నష్టమునకు హామీయు! 1849 నాటి పత్రమున లండను వాటాదారుని పేరుండినచోట నేడు రైల్వేశాఖ పేరున్నది. భరించువాడు మాత్రము నాడును నేడును పన్నుకట్టు ప్రజయే. నాటి కంపెనీ పరాయిది, నేటి రైల్వే మనది యన్న భేదము గొప్పభేదమే. దానిని మేము తక్కువచేయము. కాని మనదైన రైల్వే మననుండి హామీపత్రము వ్రాయించుకొనుట యింకను వింతగా లేదా? ఎట్లో ఆ రాష్ట్రము తనవంతు కొంత నెరవేర్చుకొనుటచే 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు చేరినది.

నడికుడి-శ్రీకాళహస్తి మార్గమునకు 2011-12లో మంజూరు లభించెను. పొడవు 309 కిలోమీటర్లు. పల్నాడు, ప్రకాశము, నెల్లూరు జిల్లాల మెట్టప్రాంతముల మీదుగా, వినుకొండ, దర్శి, కనిగిరి, వెంకటగిరి చెంతలకు పోవును. ఇచట రాష్ట్రపు వాటా సగము, భూమి యుచితము. కడప-బెంగుళూరు మార్గమునకును సగమే. కోనసీమకు నాల్గవవంతు, సిద్దిపేటకు మూడవవంతు, కనిగిరికి సగము! ఊరు బీదదైనకొలది వాటా పెరుగుచున్నట్లు కనుపట్టుచున్నది. దీనికి సూత్రమేదైన నున్నదేమోయని వెదకినచో, బేరమాడిననాటి రాజకీయబలము తప్ప వేరొక సూత్రము మాకు గోచరింపలేదు.

రైల్వేశాఖవారి సమాధానమును కూడ చెప్పుట న్యాయము. నూటికి 14 రాబడి రాని మార్గము లాభసాటి కాదని చాలకాలము వారికొక కొలబద్ద యుండెను. లాభములేని మార్గములను ప్రతి సభ్యుడును తన నియోజకవర్గమునకు గోరును. రాష్ట్రము కొంత భరించినచో గోరికలకు హద్దుండును. నిజముగా కావలసిన మార్గములేవో తేలును. ఇది వారి వాదము. ఇందు కొంత సత్యమున్నది. మంజూరులు విచ్చలవిడిగా జరిగినవి. పునాదిరాళ్లు పట్టాలకంటె ముందు పోయినవి. అయినను, నూటికి 14 కొలబద్దతో జూచినచో వెనుకబడిన ప్రాంతమున నేమార్గమును నిలువదు. రైలు లేదు గనుక వ్యాపారములేదు. వ్యాపారములేదు గనుక రైలు లేదు. ఈ చక్రమును ఛేదించుటకే ప్రభుత్వమన్నది యున్నది. ఉధంపూరు-శ్రీనగరు-బారాముల్లా మార్గమును 2002లో జాతీయనిర్మాణముగా ప్రకటించి, వాటాల ప్రసక్తి లేకుండ కేంద్రమే ధనమిచ్చెను. 272 కిలోమీటర్లు కొండలు తొలిచి, చీనాబుపై మహాసేతువు గట్టి 2025 జూనులో ముగించెను. దానిని జూచి మేము గర్వింతుము. దేశమునకు మనసుండిన చీనాబే యడ్డుకాదు, వైనతేయ యెట్లడ్డగును?

ఇక ధనము లేదనుట. 1921లో ఆక్‌వర్తు కమిటీ సలహాపై 1924లో రైల్వే ఆదాయవ్యయములను సాధారణబడ్జెటునుండి వేరుచేసిరి. రైల్వే తన సంపాదనతో తాను బ్రదుకవలెను, పెట్టిన మూలధనమునకు ప్రతియేట డివిడెండు చెల్లింపవలెనని నియమము. ఆ కాలమున నష్టమార్గమనిన రైల్వేవారు జంకుటలో నర్థమున్నది. 2017లో ఆ ప్రత్యేకబడ్జెటు రద్దయినది; డివిడెండును తొలగినది. నేడు రైల్వే మూలధనములో అధికభాగము సాధారణఖజానానుండియే వచ్చుచున్నది. 2025-26 బడ్జెటులో దానికై 2.52 లక్షల కోట్ల రూపాయలు కేటాయించిరి. ఆ ఖజానాకు ఆదాయపుపన్ను కట్టినవారిలో అమలాపురము వర్తకుడున్నాడు, జీ.ఎస్.టీ. కట్టినవారిలో కనిగిరి కూలివాడున్నాడు. దేశపౌరుడుగా ఒకసారి చెల్లించిన మీదట, రాష్ట్రపౌరుడుగా మరల చెల్లింపుమనుట రెండుమారులు శిస్తు వసూలుచేయుటవంటిది. భూస్వాములకు దీని యర్థమును విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంతటితో నాగలేదు. పెట్రోలు, డీజిలులపై రోడ్డు సెస్సు విధించి ప్రత్యేకనిధిగా నుంచుట 1928 నాటి జయకరు కమిటీ సిఫారసుతో నారంభమైన సదాచారము. 2000 నాటి చట్టముతో అది స్థిరపడి, 2018లో రోడ్లకేగాక ఇతర నిర్మాణములకును వర్తించునట్లు విస్తరింపబడెను. నిధి మంచిదే. కాని పన్నులలో నూటికి 41 రాష్ట్రములకు పంచునపుడు, 2000 నాటి ఎనుబదవ రాజ్యాంగసవరణ ననుసరించి, సెస్సులును సర్చార్జీలును ఆ పంపకములోనికి రావు. పన్ను తగ్గించి సెస్సు హెచ్చించినచో వాహనదారునకు భేదము తెలియదు, రాష్ట్రమునకు దెలియును. పంచవలసిన రాశి చిన్నదగును. ఒకచేత రాష్ట్రముల భాగము తగ్గించి, వేరొకచేత రైలువాటా తెమ్మనుట న్యాయమా? ఈ ప్రశ్న నే పార్టీవారైనను పార్లమెంటున గట్టిగా నడుగవలసియుండెను.

రాష్ట్రములు వాటా యిచ్చిన సందర్భములు పూర్వము లేకపోలేదు. తంజావూరు జిల్లాబోర్డు భూమిపై సెస్సు వేసి తన రైలుమార్గమును తాను నిర్మించెను. మన ఆంధ్రదేశమున బెజవాడ-మచిలీపట్టణము మార్గము కృష్ణాజిల్లాబోర్డు రైలుగా 1908లో తెరువబడెను. తెనాలి-రేపల్లె మార్గము గుంటూరు జిల్లాబోర్డుపక్షమున 1916లో వచ్చెను. బండ్లు నడపినది పెద్దకంపెనీయే, మార్గముమాత్రము బోర్డుది. సొమ్ముపెట్టినవారికి సొత్తుండెను. మన కాలమున కొంకణరైల్వే మరియొక నిదర్శనము. 1990లో కేంద్రము, మహారాష్ట్ర, కర్ణాటక, గోవా, కేరళములు కలిసి సంస్థ నేర్పరచి, వాటాలు పంచుకొని, బాండ్లు అమ్మి మిగిలిన ధనము సేకరించి, కనుమలలో సొరంగములు త్రవ్వి, 1998 జనవరినాటికి మార్గమంతయు ముగించిరి. ఆ రాష్ట్రములు చెల్లించినది వాటాధనము. సంస్థలో వానికి స్థానమును, ప్రశ్నించు హక్కును గలవు.

కోటిపల్లి మార్గమున మన రాష్ట్రమిచ్చు నాల్గవవంతునకు ఏమి వచ్చును? ఒక్క పట్టా వచ్చునా? ఒక్క స్టేషనువచ్చునా? పని ముగిసిననాడు సర్వము రైల్వేసొత్తు. ఇట్టి చెల్లింపును వాటా యనుట భాషకు ద్రోహము. దీనిని కానుక యనవలెను. కానుక నిర్బంధముగా వసూలుచేయుట పాతకాలపు దొరల పద్ధతి. 2016లో కేంద్రమంత్రివర్గము రాష్ట్రములతో ఉమ్మడికంపెనీలు పెట్టి రైలుమార్గములు నిర్మించుటకు సమ్మతించెను. ఆ తీర్మానము పాతమార్గములకేల వర్తింపరాదు? సగము సొమ్మిచ్చినవారు సగము యజమానులు గావలెను. లేదా సగమియ్య నక్కరలేదు. ఈ రెంటిలో నేది కేంద్రమున కిష్టమైనను మాకు సమ్మతమే.

రాష్ట్రప్రభుత్వములను గూర్చియు మొగమోటమి లేకుండ చెప్పవలసియున్నది. వాటా యిత్తుమని సంతకము చేసినవారు మన మంత్రులే. వారిని బలవంతపెట్టినవారు లేరు. సంతకముచేసి ఊరేగింపులు జరిపించుకొని, బడ్జెటులో పద్దు వ్రాసి, ఏడాదితుదకు ఆ పద్దు నితరవ్యయములకు మళ్లించుట మాట తప్పుటయే. ఇయ్యలేనిచో నానాడే యియ్యలేమనవలెను. ఇచ్చెదమని యియ్యకుండుటచే రైల్వేశాఖకు చక్కని సాకు దొరకినది. వారేమి చేయుదురు? పనులపట్టిక యగు పింకు పుస్తకమున మార్గముపేరు చచ్చిపోకుండ వేయిరూపాయలు వ్రాసియుంచు నాచార మొకటి యున్నది. వేయిరూపాయలకు నేడు రెండు బస్తాల సిమెంటు వచ్చునేమో! పేరు బ్రదికియుండును, పని పడియుండును. ఏడేట ఇనుము, కూలి, వడ్డీ పెరుగుచుండును. పెరిగిన వ్యయముపై రాష్ట్రవాటాయు పెరుగును. పెరిగిన వాటా మరింత దుర్భరమగును. ఆలస్యమునకు అపరాధరుసుము కట్టువాడు ఆలస్యముచేసినవాడు కాక పన్నుకట్టువాడగుచున్నాడు.

భూముల సంగతి వేరుగ జెప్పవలెను. మార్గము పోవునని తెలిసిన పొలమును కొనువాడుండడు, తాకట్టుపెట్టుకొనువాడును వెనుదీయును. తోటవేయవలెనా వలదాయని యజమానుడు తటపటాయించును. కొబ్బరిచెట్టు నేడు నాటి రేపు కోయునది కాదుగదా. 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన భూసేకరణచట్టము పరిహారమును హెచ్చించెను, రైతునకది న్యాయమే. కాని దశాబ్దములు సాగిన పనిలో, ముందు భూమి నిచ్చినవానికొక వెల, జాగుచేసినవానికొక వెల ముట్టును. ప్రభుత్వమును నమ్మి ముందుగా నిచ్చినవాడు నష్టపడెను. ఇట్టి యనుభవము గలిగిన గ్రామమున రేపు మరియొక కాలువకో, రోడ్డునకో భూమి యడుగబోవు తహసీలుదారునకు స్వాగతమెట్లుండునో ఊహింపవచ్చును.

2025-26లో ఆంధ్రప్రదేశమునకు 9,417 కోట్లును, తెలంగాణమునకు 5,337 కోట్లును రైల్వేపనులకు కేటాయించితిమని రైల్వేమంత్రి ప్రకటించిరి. పూర్వముతో బోల్చిన నివి పెద్దమొత్తములే, సంతోషము. విశాఖపట్టణమున దక్షిణకోస్తా రైల్వేకార్యాలయమునకు 2025 జనవరిలో శంకుస్థాపనయు జరిగినది. 2014 విభజనచట్టమున ప్రస్తావించిన విషయమునకు శంకువుపడుట కంతకాలము పట్టినను, పడినందులకు సంతసింతము. కాని రాష్ట్రమున కింతయను మొత్తమువలన ప్రజలకు దెలియున దల్పము. అందెంత జంటమార్గములకు, ఎంత స్టేషనుల సోకులకు, ఎంత కొత్తమార్గములకు? కోటిపల్లి మార్గమున కెంత? అందెంత నిజముగ వ్యయమయ్యెను? రాష్ట్రమిచ్చినదెంత, ఇయ్యవలసినదెంత? మార్గమువారీగా నొక్కొక్క కాగితముపై వ్రాసి, ఇటు శాసనసభయందును అటు పార్లమెంటునందును ఏటేట నుంచుటకు కష్టమేమి? 1883లో అఘోరనాథులడిగినదిదియే. నాడడిగినవానికి దేశబహిష్కారము, నేడు సమాధానములేకుండుట.

2020-21 నుండి కేంద్రము రాష్ట్రములకు మూలధననిర్మాణములకై ఏబదియేండ్ల గడువుతో వడ్డీలేని ఋణములిచ్చుచున్నది. 2025-26లో దానికై 1.5 లక్షల కోట్లు చూపిరి. బకాయివాటాలను ఆ ఋణమునుండి కేంద్రమే నేరుగా రైల్వేకు జమకట్టుకొని, అందులకు బదులు రాష్ట్రమునకు మార్గమున హక్కు వ్రాసియిచ్చినచో, ఢిల్లీ-అమరావతుల ఉత్తరములు ఒక్కనెలలో ముగియును. లేదా గోదావరిపాయలపై మూడు వంతెనల వ్యయమును జాతీయనిర్మాణముగా నెంచి కేంద్రమే భరించి, పట్టాల వ్యయమునకు మాత్రము రాష్ట్రమును బాధ్యులను జేయవచ్చును. నష్టమునకు హామీ వ్రాయించుకొను షరతును మాత్రము ఏమార్గమునకైనను వెంటనే కొట్టివేయవలెను. స్వరాజ్యమున నట్టి పత్రమునకు తావులేదు.

కోనసీమ, పల్నాడు, కడప, సిద్దిపేటల ప్రతినిధులు పార్టీల ననుసరించి వేరువేరు బల్లలపై గూర్చుందురుగాక. ఈ షరతుల విషయమున వారందరి నియోజకులకును గలిగిన నష్టమొక్కటియే. రానున్న బడ్జెటుసమావేశమునకు ముందుగా వారు గూడి, తమ తమ మార్గముల ఒడంబడికల ప్రతులను తెప్పించి ప్రకటింపవలెనని కోరుచున్నాము. ప్రతులు మాకందినచో, ఏ పార్టీ ప్రభుత్వము సంతకము చేసినదైనను సరే, పూర్తిగ ప్రచురింపగలము.